బోర్లించిన కంచాలు

పొద్దు బారెడెక్కేసరికి గంగసాని, రాకుమారుడు సునందుడు ఉక్కుగుట్ట చేరుకున్నారు. గంగసానికి మారువేషం అవసరం లేకపోయింది. ముప్ఫై ఏళ్ళు కాంస్యపురి సైన్యానికి వండిపెట్టిన మనిషి ఆమె. ఆ గుట్ట మీద చేరిన రెండు వందల మంది సైనికుల్లో ఆమె చేతి అన్నం తిననివాడు లేడు. మారువేషమంతా సునందుడిదే. ముఖాన మసి, మోకాళ్ళ పైకి ముతక పంచె, నెత్తిన కట్టెల మోపు. పేరు సుంకడు.

"మోపు అలా కిరీటంలా మోస్తారా బాబూ? మెడ వంచండి," అంది గంగసాని పళ్ళ బిగువున.

"వంచాను కదమ్మా!"

"రాజులు వంచినట్టు వంచారు. కూలివాళ్ళు వంచినట్టు వంచండి."

కాపలావాడు ఎదురొచ్చాడు. వెంటనే ఆమె గొంతు మారిపోయింది. "నడవరా సుంకా! తిండికి ముందుంటావు, పనికి వెనకుంటావు!" అని వీపు మీద ఒక్కటి చరిచింది. కాపలావాడు ఆమెను చూసి నవ్వాడు. "వంటలత్తా! నువ్వూ వచ్చేశావా? ఇక మా పంట పండింది," అంటూ దారి వదిలాడు.

ఉక్కుగుట్ట చూడడానికి భయంకరమైన చోటు. గడ్డి మొలవదు. రాళ్ళన్నీ తుప్పు రంగు. ఎండ పడితే గుట్టంతా నెత్తురు పూసినట్టు మెరుస్తుంది. ఒకవైపు అడవి, మరొకవైపు నిట్టనిలువు వాలు. ఆ వాలు కింద నాగిని నది తెల్లని నురగతో బుసలు కొడుతూ, కొండను చుట్టి, నాలుగు క్రోసుల కింద కాంస్యపురి కోట గోడల్ని తాకుతుంది. శిఖరం మీద ఒక రాతి గద్దె, గద్దె ముందు ఏనుగు స్నానం చేయగలిగినంత గుండిగ. అందులో అంబలి కుతకుత ఉడుకుతోంది. దాని చుట్టూ వరసలు తీరి, ఒళ్ళో ఇనుప కంచాలు పెట్టుకుని సైనికులు కూర్చుని ఉన్నారు.

ఆ ఇనుప కంచాల కథ చెప్పాలంటే కాంస్యపురి కంచు కంచాల కథ చెప్పాలి.

కాంస్యపురిలో యుద్ధానికి వెళ్ళే ప్రతివాడూ తన కంచు కంచాన్ని ఇంట్లో గోడవారన బోర్లించి వెళతాడు. యుద్ధం ముగిశాక రాజు కోట వాకిట్లోని భూరిఘంట కొట్టాలి. గెలిస్తే మూడు దెబ్బలు, ఓడితే ఒక్కటి. ఆ మోత వినబడ్డాకే ఇల్లాలు కంచం తిప్పి, కడిగి, అన్నం వడ్డిస్తుంది. ఒక్క దెబ్బ కొట్టిన రాజు ఎందుకు ఓడామో గంట కింద నిలబడి జనానికి చెప్పి తీరాలి. అది తాతలనాటి ఆచారం.

ఎనిమిది నెలల కిందట కాంస్యపురి ఓడిపోయింది. ధవళకీర్తి మహారాజు గంట కొట్టలేదు. "కొట్టకపోతే నాలుగు రోజుల్లో జనమే మరిచిపోతారు ప్రభూ," అన్నారు మంత్రులు. తిరిగొచ్చిన సైనికులు ఎవరింట్లో వాళ్ళు, చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళలాగా, విస్తరాకుల్లో తిన్నారు. గోడవారన కంచాలు బోర్లించే ఉన్నాయి. ఆడవాళ్ళు వాటి చుట్టూ నేల అలుకుతూనే ఉన్నారు. గంగసాని అయిదుసార్లు కోటకు వెళ్ళి, గంట కొట్టించండి మహాప్రభో అని మొరపెట్టుకుంది. అయిదుసార్లూ రేపు రమ్మన్నారు.

అప్పుడు దిగాడు లోహజిహ్వుడు. ఎక్కడివాడో ఎవరికీ తెలియదు. నాలుగు దారుల కూడలిలో ఒక కుండ పెట్టి, వచ్చినవాడికల్లా ఇనుప కంచంలో అంబలి పోశాడు. మొదటి నెల పదకొండు మంది కూర్చున్నారు. చూసి కొత్వాలు నవ్వాడు. రెండో నెల వాళ్ళు వీధుల్లో వరసగా నడిచారు. మూడో నెల అంగళ్ళవాళ్ళు అడక్కుండానే బియ్యం ఇచ్చారు. అయిదో నెల సేనాధిపతి గుట్ట ఎక్కి, "వీళ్ళు మనకు పనికొస్తారేమో," అంటూ తిరిగొచ్చాడు. ఆ నెలలోనే భూరిఘంట కొట్టే చందనపు కొడుపు మాయమైంది. ఆ కొడుపుతో తప్ప దేనితో కొట్టినా ఆ గంట పలకదు.

ఇవాళ ఆ రెండు వందల మందీ కొండ దిగి, నది ఒడ్డున ఉన్న పడవలవాడను తగలబెట్టబోతున్నారు. అంతలో కొడుపు దొరికి గంట మోగాలి.

"అమ్మా!"

గంగసాని గిరుక్కున తిరిగింది. ఆమె కొడుకు బొప్పన. బుగ్గలు లోపలికి పోయాయి, కళ్ళు మాత్రం మెరుస్తున్నాయి. చేతిలో ఇనుప కంచం, నడుముకు ఆరిపోయి ఉన్న దివిటీ.

"నువ్వూ మాలో కలిశావా? నాకు తెలుసమ్మా, కలుస్తావని."

"నిన్ను ఇంటికి తీసుకుపోదామని వచ్చాన్రా."

బొప్పన నవ్వు ఆగిపోయింది. "ఇంటికా? ఏ ఇంటికి? యుద్ధం నుంచి మూడు గాయాలతో వస్తే ఆకులో వడ్డించావు. మూడు నెలలు అడిగాను. అమ్మా, నా కంచం తియ్యవే అని. ఏమన్నావు?"

"ఆచారం రా..."

"కదా! ఆచారం. ఇక్కడ మొదటి రోజే కంచం ఇచ్చారు." వాడు వెళ్ళి తన వరసలో కూర్చున్నాడు.

సునందుడు మోపు దించుతూ "అమ్మా..." అన్నాడు.

"రాజుగారు గంట కొట్టలేదు సరే. నా ఇంట్లో నా కొడుకు కంచం తిప్పడానికి నాకేమొచ్చింది బాబూ, మాయరోగం?" అని కొంగు బిగించి గుండిగ వైపు నడిచింది.

గుండిగ పక్కన తాటిచెట్టంత మూగవాడొకడు అంబలి కలుపుతున్నాడు. గంగసాని ఒక చుక్క అరచేతిలో వేసుకుని నాకింది. తర్వాత వాడి చేతిలోని తెడ్డును చూసింది. చూసి, సునందుడి పక్కకు వచ్చి కట్టెలు సర్దుతున్నట్టు వంగింది.

"మన కొడుపు దొరికింది. అంబలి కలుపుతోంది."

"అదా? అది తెడ్డు కదా!"

"ముప్ఫై ఏళ్ళు తెడ్డు తిప్పిన చెయ్యండీ ఇది. తెడ్డుకు చివర బల్లపరుపుగా ఉంటుంది. దానికి గుండ్రటి తలకాయ, తలకాయకు తోలు చుట్టు ఉన్నాయి. పొద్దుట్నించీ నిప్పుల మీదుంది, మసి అంటలేదు. అంబలి రాగి వాసన రావాలి, గంధం వాసన వస్తోంది."

ఆమె మాట పూర్తికాకముందే కొమ్ము బూర మోగింది. సైనికులు అంబలి తాగారు. సునందుడి దోసిట్లో కూడా పోశారు. తాగకపోతే అనుమానిస్తారని అతను తాగేశాడు.

లోహజిహ్వుడు గద్దె ఎక్కాడు. సన్నగా, నల్లగా, పొడుగ్గా ఉన్నాడు. ఒంటి మీద ఒక్క నగ లేదు. నోరు తెరిచినప్పుడు మాత్రం నాలుక ఉక్కు కత్తిలా తళుక్కుమంది. "మీరు ఓడిపోలేదు," అన్నాడు. "ఓడితే ఒక దెబ్బ మోగాలి. మోగిందా? యుద్ధం ఇంకా నడుస్తోంది. మిమ్మల్ని వెనక నుంచి పొడిచారు. పడవల వంతెన తాళ్ళు కోసినవాళ్ళు ఇవాళ ఒడ్డున కూర్చుని చేపలు కాల్చుకు తింటున్నారు."

అతని గొంతు చిత్రంగా కరిగిపోసాగింది. గంట మోగించవలసిన కొడుపును అంబలిలో తిప్పడం వల్ల, మోగని ఆ మోత తాగినవాళ్ళ పొట్టల్లో చేరింది. ఇప్పుడు ఒక్కొక్కడికీ లోహజిహ్వుడి మాట యుద్ధంలో చచ్చిపోయిన తనవాడి గొంతుతో వినబడసాగింది. రెండు వందల మంది ఒకేసారి ఏడ్చారు.

సునందుడికి అన్న జయసేనుడి గొంతు వినబడింది. "తమ్ముడూ, నేను అవతలి ఒడ్డున ఉండగానే పడవవాళ్ళు తాళ్ళు కోసేశారురా. శత్రువు దగ్గర లంచం తిని కోశారు. నా కళ్ళతో చూశాను."

నిజం సునందుడికి తెలుసు. చనిపోతూ ముసలి మంత్రి చెప్పి పది రోజులే అయింది. శత్రువు వంతెన దాటి కోట మీద పడతాడని భయపడి, అవతల ఆరు వందల మంది ఉన్నారని తెలిసీ, తాళ్ళు కోయమన్నది మహారాజే. పడవవాళ్ళు ఏడుస్తూ కోశారు. అంతా తెలిసి కూడా సునందుడి చెయ్యి తనంతట తానే పక్కవాడి దివిటీ మీదికి పోయింది.

గంగసాని ఆ చెయ్యి పట్టుకుంది. "ఏం వినబడుతోంది?"

"మా అన్న... మా అన్న పిలుస్తున్నాడు."

"నాకు మా ఆయన వినబడుతున్నాడు. 'గంగా, నీ చేతి వంట అమృతమే' అంటున్నాడు. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఉప్పు తక్కువైందనడం తప్ప వంట గురించి ఇంకో మాట అనలేదు ఆ మహానుభావుడు. వీడెవడో మా ఆయన కాదు బాబూ!" అంటూ కొంగుముడి విప్పింది. దారికి కట్టుకున్న చద్దన్నం తను ఒక ముద్ద మింగి, ఇంకో ముద్ద సునందుడి నోట్లో కుక్కింది.

ఇంటి మెతుకు గొంతు దిగగానే అన్న గొంతు తెగిపోయింది. గద్దె మీద లోహజిహ్వుడు గరగరలాడే తన సొంత గొంతుతో అరుస్తూ కనిపించాడు.

"అయ్యో అయ్యో, అడుగంటుతోందిరా!" అంటూ గంగసాని గుండిగ వైపు పరిగెత్తింది. "నీ చేతులు పడిపోను, అలాగేనా కలిపేది? ఇలా తే!" వంటవాళ్ళ కేకకు ఎంతటివాడైనా ఒక్క క్షణం తడబడతాడు. మూగవాడు తడబడ్డాడు. కొడుపు ఆమె చేతిలోకి వచ్చేసింది.

లోహజిహ్వుడి కళ్ళు ఎర్రబడ్డాయి. "దొంగ!" అని రెండు చేతులూ చరిచాడు. రెండు వందల ఇనుప కంచాలు సైనికుల ఒళ్ళలోంచి లేచి, గాలిలో చక్రాల్లా తిరుగుతూ, గుయ్యిమంటూ దూసుకొచ్చాయి. ఒకటి సునందుడి తలపాగా కోసుకుపోయింది. ఇంకొకటి కట్టెల మోపును రెండు ముక్కలు చేసింది.

"గుండిగలోకి!" అరిచాడు సునందుడు. పక్కవాడి దివిటీ కర్రను లాక్కుని గుండిగ కిందకు దూర్చి బలమంతా పెట్టి ఎత్తాడు. మిగిలిన అంబలి వరదలా పారింది. మూగవాడు అందులో జారిపడ్డాడు. గంగసాని లోపలికి దూకింది, వెనకే సునందుడూ దూకాడు. కంచాలు గుండిగ మీద ఠంగుఠంగున కొట్టుకుంటుండగా అది వాలు మీద దొర్లింది. ఆకాశం కాళ్ళ కిందకు వచ్చింది, గుట్ట నెత్తి మీదకు వచ్చింది. మూడు పొర్లింతలు, నాలుగు, అయిదు. తర్వాత ధభాలున నాగిని నదిలో పడి, మూతి పైకి తేలింది.

"ఒళ్ళు కాలిందా అమ్మా?"

"వంటమనిషికి కాలడం కొత్తా? కొడుపుంది కదా, పదండి."

కొండ చుట్టూ దారి ఆరు క్రోసులు, నది మీద నాలుగే. గుండిగ రాళ్ళ మధ్య దూసుకుపోయింది. కోట బురుజులు కనబడుతుండగా రాకాసి సుడి తగిలింది. అది విప్పిన గొడుగులా గిరగిర తిరుగుతూ గుండిగను నడిబొడ్డుకు లాగసాగింది. ఒడ్డున ముసలి పడవవాడు తిప్పయ్య వల ఆరేస్తున్నాడు.

"తాతా! తాడు విసురు!" అరిచాడు సునందుడు.

తిప్పయ్య తాడు చేతిలోకి తీసుకుని ఆగిపోయాడు. "ఎవరయ్యా మీరు? మీరు మునిగితే నేనే కోశానంటారు. మా చేతికి తాడు దొరికితే చాలు, కోశామనేవాళ్ళే ఊరంతా!"

"నేను సునందుణ్ణి! ధవళకీర్తి కొడుకుని!"

"అయితే మరీ భయం," అన్నాడు తిప్పయ్య. అంటూనే తాడు విసిరాడు.

ఒడ్డెక్కగానే సునందుడు అతని భుజం పట్టుకున్నాడు. "తాతా, గుట్ట మీదివాళ్ళు బయలుదేరారు. వాడంతా ఖాళీ చెయ్యండి. పడవలెక్కి అవతలికి పొండి."

"అవతలి ఒడ్డు శత్రువుదయింది కదా దొరా. పడవ నడినది దాటితే బాణాలేస్తారు. ఇవతల వీళ్ళు. నీళ్ళలో కాపురం పెట్టమంటారా?" తిప్పయ్య వల భుజాన వేసుకున్నాడు. "తాళ్ళు కోయమని రాజముద్ర వేసిన తాటాకు నా గుడిసె చూరులోనే ఉంది. ఎనిమిది నెలల్నించీ చూపిస్తున్నాను. చదివినవాడు లేడు."

సునందుడు కొడుపు భుజాన వేసుకుని కోట వాకిలికి పరుగుతీశాడు.

భూరిఘంట ఏనుగులు చెక్కిన నాలుగు రాతి స్తంభాల మధ్య వేలాడుతోంది. ఊళ్ళో ప్రతి ఇల్లూ ఇచ్చిన కంచు తునకలతో పోత పోసిన గంట అది. సూర్యుడు అందులో ఉదయించి అందులోనే అస్తమిస్తాడన్నట్టుండేది. ఇప్పుడు దాని అంచున పిచ్చుక గూడు కట్టింది.

మేడ మీంచి మహారాజు చూశాడు. ఒక్క చెప్పుతో దిగి వచ్చాడు. "సునందా! ఆగు! జనం మరిచిపోతున్నారు. మానిన పుండు రేపకు!"

"ఏం మరిచారు నాన్నగారూ? ఆకుల్లో తింటున్నారు."

"అది కొడితే నేను చెప్పాలి కదరా..."

"మీరు చెప్పకండి. నేను చెబుతాను."

పిచ్చుక గూడును పక్కకు పెట్టి, సునందుడు కొడుపెత్తి కొట్టాడు. ఒక్క దెబ్బ.

ఆ మోత ముందు కాళ్ళ కింద వినబడింది. తర్వాత స్తంభాల్లో, తర్వాత గోడల్లో. వీధులన్నీ తిరిగి, నది మీద పాకి, ఉక్కుగుట్టకు తగిలి వెనక్కి వచ్చింది. బజారు బజారంతా కదిలి వచ్చింది.

"మనం ఓడిపోయాం!" అన్నాడు సునందుడు. "నాగిని వంతెన తాళ్ళు కోసింది పడవవాళ్ళే. కోయమన్నది రాజు. అవతల మిగిలిన ఆరు వందల మందిలో మా అన్న ఉన్నాడు. తప్పు పడవవాళ్ళది కాదు, మాది."

ఎవరూ అరవలేదు, ఎవరూ ఏడవలేదు. గాజులమ్ముకునే ఆవిడ ఒకతె మాత్రం గంప దించింది. "ఈ మాట ఎనిమిది నెలల కిందట చెప్పలేకపోయారా నాయనా? మా వాడు గుట్టెక్కి అయిదు నెలలయింది."

వెనక నుంచి ఒకడు, "ఇది దొంగ కొడుపు! గంట అలా మోగదు!" అన్నాడు. వాడి పక్కవాళ్ళు తలలూపారు. ఇంకొందరు గబగబా ఇళ్ళకు మళ్ళారు. కాసేపటికి అక్కడక్కడ కంచు చప్పుళ్ళు వినబడ్డాయి. అన్ని ఇళ్ళలో కాదు. మూడిళ్ళకు ఒక ఇంట్లో.

గంగసాని ఆ లెక్క చూడడానికి ఆగలేదు. ఇంటికి పరిగెత్తి గోడవారన కంచం ఎత్తబోతే రాలేదు. ఎనిమిది నెలల అలుకు అంచు చుట్టూ గట్టులా కట్టుకుపోయింది. గరిటె కాడతో పొడిచి పెకిలించింది. కింద నేల గుండ్రంగా, తెల్లగా, యుద్ధానికి ముందు ఎలా ఉండేదో అలాగే ఉంది. ఆమె కంచం కడిగింది. పొరుగింటి పొయ్యి మీద ఉడుకుతున్న అన్నం అడక్కుండానే దించేసి, ఆ గిన్నె చంకన పెట్టుకుంది.

పడవలవాడ మొదట్లో దారికి అడ్డంగా ఆమె కూర్చునేసరికి కొండ మలుపులో పొగ కనబడింది. దివిటీలు వెలిగించుకుని వస్తున్నారు. సునందుడు కొడుపు పట్టుకుని మొదటి పాక ముందు నిలబడ్డాడు. అతని పక్కన పడవ తెడ్డు పట్టుకుని తిప్పయ్య. అంతే సైన్యం.

ముందు వరసలో బొప్పన వచ్చాడు. తల్లిని చూసి ఆగాడు. వెనక వరసలు ఆగాయి. గంగసాని కంచు కంచంలో అన్నం వడ్డించి ముందుకు జరిపింది.

"లే అమ్మా. దారి వదులు."

"చల్లారిపోతోంది. కూర్చో."

"గంట మాకూ వినబడింది," అన్నాడు బొప్పన. "ఎన్ని దెబ్బలు?"

"ఒక్కటే."

"ఒక్కటే," అన్నాడు బొప్పన. దివిటీ చేతిలో అలాగే ఉంది. ఇంకో చేత్తో, నిలబడే వంగి, ఒక ముద్ద తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. మింగాడు. చెవి దగ్గర ఏదో ఆగిపోయినట్టు తల విదిలించి, చుట్టూ చూశాడు. పడవలవాడ పాకలు చూశాడు. పాక సందులోంచి చూస్తున్న ఆడవాళ్ళను చూశాడు. మోకాళ్ళ మీద కూలబడి, దివిటీని ఇసకలో గుచ్చి, రెండు చేతులతో అన్నం తినసాగాడు.

"చచ్చిన మీవాళ్ళు చూస్తున్నారు! నడవండి!" వెనక నుంచి లోహజిహ్వుడి కేక వినబడింది.

వరసలు కదిలాయి. రాయి పక్క నుంచి నీళ్ళు పోయినట్టు, తింటున్న బొప్పనకు ఇటూ అటూ చీలి ముందుకు నడిచాయి. ఎవరూ వాడి వైపు చూడలేదు.

గంగసాని గిన్నె పట్టుకుని లేచింది.

"ఒరేయ్ కేతనా! కారం పడదని నీకు విడిగా తీసిపెట్టేదాన్ని, గుర్తుందా? మాచా! నీకు మాడుచెక్క ఇష్టం, ఇదిగో అడుగున ఉంది! ఒరేయ్ ఎర్రపోతా, తింటూ నిద్రపోయేవాడివి, ఎక్కడికిరా ఆ నడక?"

మాచన అడుగు తడబడింది. కేతన మెడ తిప్పాడు.

నూట తొంభై తొమ్మిది పేర్లు. గంగసానికి అన్నీ తెలుసు, ఎవడికి ఉప్పు ఎక్కువో, ఎవడికి పులుపు పడదో అన్నీ తెలుసు. కానీ ముందు వరస దివిటీలకూ మొదటి పాకకూ మధ్య దూరం నూరు అడుగులే.

ఆమె నాలుగో పేరు పిలిచింది.